పావు కిలో జింకు, ముప్పావు డ్రమ్ము నీళ్లు: ఎవరి మందు చిక్కన?

ప్రశ్న: దాళ్వా (రబీ) వరి నాటి మూడు వారాలైంది. ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తే జింకు లోపమన్నారు. నేను పావు కిలో జింక్ సల్ఫేట్‌ను ముప్పావు డ్రమ్ము నీళ్లలో కలిపి ఎకరం చేనుకు కొట్టాను. మా బావమరిది 200 గ్రాములే అర డ్రమ్ములో కలిపి అర ఎకరానికి కొట్టాడు. ఇద్దరివీ 200 లీటర్ల డ్రమ్ములే. నాది పలుకుల్లా ఉండే మందు, అతనిది పిండిలా ఉంది. అతని చేను తేరుకుంది, నాది అలాగే ఉంది. ఎక్కువ మందు వేసింది నేనే కదా సార్?
– ఒక రైతు, రాజోలు మండలం, కోనసీమ

జవాబు: ఎక్కువ తూచింది మీరే, పల్చగా కలిపిందీ మీరే. గ్రాములను గ్రాములతో పోల్చి లాభం లేదు, ఇద్దరి నీళ్లూ ఒక్క కొలతకు రావాలి. నిండు డ్రమ్ముకు ఎంత పడిందో చూద్దాం.

ముప్పావు అంటే మూడు పావులు. మూడు పావుల నీళ్లలో 250 గ్రాములు ఉంటే ఒక్క పావులో సుమారు 83, నాలుగు పావులకు 333 గ్రాములు. అంటే కిలోలో మూడో వంతు. మీ బావమరిదిది ఇంకా తేలిక: అర డ్రమ్ముకు 200 అయితే నిండు డ్రమ్ముకు 400 గ్రాములు, కిలోలో ఐదింట రెండు వంతులు. లీటరు లెక్కన మీది 1.67 గ్రాములు, అతనిది 2 గ్రాములు. వరికి మేము చెప్పే మోతాదు లీటరుకు 2 గ్రాములే. మీ 150 లీటర్లకు 300 గ్రాములు కావాలి, 50 తగ్గాయి.

అంతకంటే పెద్ద తేడా ఎకరం దగ్గర ఉంది. మీ ఎకరానికి పడింది 250 గ్రాములు. అతను అర ఎకరానికే 200 వాడాడు కాబట్టి ఎకరం లెక్కన 400. ఆకు బాగా తడవాలంటే ఎకరానికి దాదాపు 200 లీటర్లు పడతాయి. మీరు మందు పల్చన చేయడమే కాక, నీళ్లూ తగ్గించారు.

ఇక ఆ పలుకులు, పిండి సంగతి. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. పలుకులుగా ఉండే జింక్ సల్ఫేట్‌లో సాధారణంగా 21 శాతం జింకు ఉంటుంది, పిండిలా ఉండేదానిలో 33 శాతం. బస్తా మీద రాసి ఉంటుంది, ఒకసారి చూడండి. అలాగే అయితే నిండు డ్రమ్ము లెక్కన మీకు పడే అసలు జింకు 70 గ్రాములు, అతనికి 132. లీటరుకు 2 గ్రాములన్న సలహా 21 శాతం రకానికి. 33 శాతం రకం అయితే లీటరుకు గ్రాముంబావు చాలు, నిండు డ్రమ్ముకు పావు కిలో. మీరు తూచిన పావు కిలో ఆ రకమే అయ్యుంటే నిండు డ్రమ్ముకు సరిపోయేది! మీ బావమరిది మాత్రం అవసరానికి మించి వాడాడు, ఈ మాట అతనికీ చెప్పండి. చిలేటెడ్ జింకుకు (సేంద్రియ పదార్థంతో బంధించిన జింకు మందు) మాత్రం ఈ శాతాల లెక్క వర్తింపజేయకండి, దాని మోతాదు వేరు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: 21 శాతం రకమే అయితే 200 లీటర్లలో 400 గ్రాములు కలిపి ఎకరానికి కొట్టండి. 16 లీటర్ల ట్యాంకులో నేరుగా కలుపుకుంటే ట్యాంకుకు 32 గ్రాములు. డ్రమ్ముకు పన్నెండున్నర ట్యాంకులు వస్తాయి. ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు కొట్టాలి, ఒక్కసారితో తేరుకోలేదని మోతాదు పెంచకండి. పురుగుమందుల్లో కలపకండి. ఉప్పు బోరు నీళ్లకంటే కాలువ నీళ్లు మేలు.

అసలు జింకు లోపమేనా అన్నది కూడా చూసుకోండి. ముదురాకుల మీద తుప్పు మచ్చలతో పాటు లేత ఆకుల్లో మధ్య ఈనె మొదట్లో పాలిపోయి ఉంటే అదే. నీళ్లు నిలిచి మురిగిన మడిలో, భాస్వరం ఎక్కువ వేసిన చోట ఇది ముందు కనిపిస్తుంది. మురుగు తీసి చేను కొద్దిగా ఆరగట్టండి. వచ్చే దాళ్వాకు ఆఖరి దమ్ములో (నాటే ముందు బురద దున్నేటప్పుడు) ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ (21 శాతం రకం) వేయండి, డీఏపీ, సూపర్ లాంటి భాస్వరం ఎరువులతో కలిపి మాత్రం వేయకండి.