గేటుకి తాళం వేసే ముందు

చి. చిన్నబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఈసారి సంక్రాంతి టోర్నమెంటుకి నువ్వే కార్యదర్శివని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే మీ పెద్దమ్మని కేకేసి, స్పీకర్ పెట్టి, ఆ మాట మళ్ళీ చెప్పించాను. ఎప్పుడో ఆగిపోయిన మన ఊరి ఫుట్‌బాల్‌ని పోయినేడు మళ్ళీ నిలబెట్టింది మీ కుర్రాళ్ళే. చాలా సంతోషమైందిరా. ఆ వెంటనే రెండో సంగతి చెప్పింది. పోయినేడు సెమీఫైనల్లో రాళ్ళు పడ్డాయి గనక ఈసారి హైస్కూల్ గేటుకి తాళం వేసి, జనం లేకుండా ఆడించి, యూట్యూబ్‌లో లైవ్ ఇస్తారట. అప్పట్నుంచీ నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

మామూలు సంగతులు నీకు చెప్పక్కర్లేదు. ఎస్‌ఐ గారికి ముందే కాగితం పెట్టు, గోల్‌పోస్టులకి కొత్త వలలు కట్టించు, మంచినీళ్ళు రెండు వైపులా ఉంచు. నేను రాయాల్సింది గేటు గురించి.

జనాన్ని బయట పెడితే లోపల ఆట మామూలుగానే సాగుతుందని నీ లెక్క. సాగదు. కరోనా రోజుల్లో ప్రపంచమంతా దీన్ని కళ్ళారా చూసింది. 2020 మే 16న జర్మనీలో వాళ్ళ పెద్ద ఫుట్‌బాల్ లీగు బుండెస్‌లిగా మళ్ళీ మొదలైతే ఇంట్లో టీవీ ముందు కూచున్నాను. డార్ట్‌మండ్ జట్టు సొంత గ్రౌండులో 4-0తో షాల్కే మీద గెలిచింది. ఆట అయ్యాక గెలిచినవాళ్ళు అలవాటు కొద్దీ దక్షిణం స్టాండు ముందుకి వెళ్ళి చేతులెత్తారు. మామూలు రోజుల్లో పాతిక వేలమంది నిలబడి పాడే స్టాండది. ఆ రోజు అక్కడ ఒక్కడు లేడు. ఆ గెలుపు చూసి, జనం లేకపోయినా తేడా ఏం లేదనుకోకు. ఆ తర్వాత వారాల్లో జర్మనీలో సొంత గడ్డ మీద ఆడే జట్ల గెలుపులు బాగా తగ్గిపోయాయి. ఇంగ్లండులో 2020-21 ప్రీమియర్ లీగు దాదాపు అంతా ఖాళీ స్టాండ్ల ముందే జరిగింది. 380 ఆటల్లో బయటి జట్లు 153 గెలిచాయి, సొంత ఊరి జట్లు 144. వాళ్ళ పెద్ద లీగు చరిత్రలో అలా తిరగబడటం అదే మొదటిసారి. సొంత గడ్డ మీద 68 లీగు ఆటలు ఓడకుండా వచ్చిన లివర్‌పూల్, అదే యాన్‌ఫీల్డ్‌లో వరసగా ఆరు ఓడింది. వాళ్ళ డిఫెండర్లకి దెబ్బలు తగిలిన మాటా నిజమే, అంతా జనం లేకపోవడం వల్లే అనను. కానీ ఇన్ని ఊళ్ళల్లో, ఇన్ని లీగుల్లో ఒకేసారి అలా జరిగిందంటే దెబ్బల వల్ల కాదు.

అందులో ఎక్కువ భాగం రిఫరీ చెవుల్లో ఉంది. 2002లో ఇంగ్లండులో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. 40 మంది రిఫరీలకి ఒకే ఆట వీడియో చూపించారు, కొందరికి జనం గోలతో, కొందరికి గోల లేకుండా. గోల విన్నవాళ్ళు సొంత జట్టు మీద ఫౌల్స్ తక్కువ ఇచ్చారు. కావాలని కాదు, గోల అలా లాగేస్తుంది. కరోనా ఏడాది ఖాళీ గ్రౌండ్లలో బయటి జట్లకి ఎల్లో కార్డులు తగ్గడానికి కారణం కూడా ఇదేనని లెక్కలు కట్టినవాళ్ళు చెప్పారు. నువ్వు ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటుంది. గేటు మూస్తే గోల పోతుంది సరే, లోపల మిగిలిన ఒక్క గొంతు రిఫరీకి మరీ గట్టిగా వినబడుతుంది. మన కమిటీ పెద్దలు టచ్‌లైన్ పక్కన కుర్చీలేసుకు కూచుని 'హ్యాండ్, హ్యాండ్' అని అరిస్తే కాలవ అవతలి ఊరి జట్టుకి న్యాయం జరగదు. షామియానాని లైనుకి దూరంగా వేయించు. లైన్స్‌మన్‌లని మూడో ఊరి నుంచి తెప్పించు.

నీ ఆలోచనలో మంచి లేదని అనడం లేదు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ జట్టు ఆటల్ని జనం ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చి చూస్తే, జనం లేనప్పుడు ఆటగాళ్ళ కొట్లాటలు, రిఫరీతో వాదనలు తగ్గాయట. అయితే అక్కడ గోడెక్కి చూసే కుర్రాళ్ళు లేరు. నా భయమంతా అదే.

మా రోజుల్లో కమిటీ సరిగ్గా ఈ పనే చేసింది. పేర్లు వద్దు, వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. సెమీఫైనల్లో ఒక ఆఫ్‌సైడ్ దగ్గర మాటా మాటా పెరిగి చెప్పులు, ఇటుక ముక్కలు పడ్డాయి. మర్నాడు ఫైనల్. కమిటీ రాత్రికి రాత్రి కూచుని గేటుకి గొలుసు వేయించింది. రెండు ఊళ్ళల్లో ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే జనం సైకిళ్ళ మీద, కాలవ గట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చేశారు. కూతుళ్ళనీ అల్లుళ్ళనీ వెంటబెట్టుకొచ్చినవాళ్ళున్నారు. డప్పులు తెచ్చిన పేట కుర్రాళ్ళున్నారు. గేటు ముందు నిలబడి నిలబడి విసిగిపోయారు గానీ ఎవరూ ఇంటికి పోలేదు.

నేను గోలీని. అలాంటి గ్రౌండు అంతకుముందు ఎరగను. బంతిని తన్నిన చప్పుడు స్కూలు గోడకి కొట్టుకుని తిరిగొచ్చేది. నేను 'ఎడం పక్క వదలకు' అని మా బ్యాక్‌కి అరిస్తే వాడికంటే ముందు అవతలి ఫార్వర్డ్ విని కుడి పక్కకి తిరిగేవాడు. మనవాళ్ళ కాళ్ళల్లో ఊపు లేదు. ప్రతి పండక్కీ డప్పు మొదలవగానే లేచే పరుగు ఆ రోజు లేవలేదు. రెండో సగంలో గోడ అవతల ఒక్కసారిగా పెద్ద కేక పుట్టింది. మనవాళ్ళు ఎక్కణ్ణుంచో చూసి ఉత్సాహపరుస్తున్నారనుకుని మా వింగర్ అటు చెయ్యి కూడా ఊపాడు. ఆట సాగిపోయింది.

అది ఉత్సాహం కాదురా. గట్టు మీది కొబ్బరిచెట్టెక్కి చూస్తున్న పిల్లాడు పట్టు జారి పడ్డాడు. ఎనిమిదో తరగతి. దింపువాళ్ళు కాళ్ళకి వేసుకునే బంధం కూడా లేకుండా ఎక్కాడు. మోచెయ్యి విరిగింది. కమిటీ పిలిపించిన డాక్టరు గారు లోపల షామియానా కింద కూచుని ఉన్నారు, గేటుకి గొలుసు. బయటివాళ్ళు గేటు బాదుతుంటే లోపలివాళ్ళు గొడవ చేస్తున్నారనుకుని తీయలేదు. చివరికి ఆ పిల్లాణ్ణి మడతమంచం మీద మోసుకుని రోడ్డుకి తీసుకుపోయారు. ఆ చెయ్యి మళ్ళీ పూర్తిగా చాపలేకపోయాడు.

ఫైనల్ ఓడిపోయాం. అది పెద్ద నష్టం కాదు. మరుసటేడు గేటు బార్లా తీసి కుర్చీలేసి కూచుంటే జనం రాలేదు. అలిగారని కమిటీవాళ్ళు అనుకున్నారు. నేను కనుక్కున్నాను, అలక కాదు. వాళ్ళు ఆ పూట కబడ్డీ దగ్గరికి పోయారు, ప్రభల తీర్థానికి పోయారు, అక్కడే బావుందనిపించింది. ఇంకో ఏడాదో రెండేళ్ళో ఈడ్చి టోర్నమెంటు ఆగిపోయింది. ఇన్నాళ్ళకి మీరు దాన్ని లేపారు. అందుకే అరుస్తున్నాను నీ మీద.

జనం అంటే ఆటగాడికి ఏమిటో సునీల్ ఛెత్రీనే అడుగు. 2018లో ముంబైలో ఇండియా 5-0తో గెలిచినా రెండు మూడు వేలమందే చూశారు. కెప్టెన్ అయ్యుండి వీడియోలో చేతులు జోడించాడు, తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి రండి అని. కెన్యాతో తర్వాతి ఆటకి టిక్కెట్లు అయిపోయాయి. అది అతని నూరో ఆట, ఇండియా 3-0తో గెలిచింది. మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతీ చెప్పాలి. 2021-22 ఐఎస్‌ఎల్, అంటే మన దేశపు ఇండియన్ సూపర్ లీగ్, అంతా గోవాలో, జనం లేకుండా. మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్‌కి మాత్రం గేట్లు తీశారు. స్టాండ్ల నిండా కేరళవాళ్ళ పసుపు చొక్కాలే. 1-1 అయ్యాక పెనాల్టీల్లో మన గోలీ కట్టిమణి మూడు ఆపాడు. అంత గోలలో, అంతా అవతలివాళ్ళే అయినచోట. గోలీగా చెబుతున్నాను, నిండిన గ్రౌండులో ఆపిన బంతిని మనిషి చచ్చేదాకా మర్చిపోడు. మన పిల్లలకి అది దక్కకుండా చెయ్యకు.

నువ్వు చిన్నప్పుడు నా గ్లవ్స్ తొడుక్కుని వీధరుగు మీదే నిద్రపోయేవాడివి, విప్పబోతే గుప్పిట బిగించేవాడివి. అంత ఇష్టంగా పెరిగినవాడివి, భయం కొద్దీ ఈ ఆలోచన చేశావని నాకు తెలుసు.

చేయగలిగింది చెబుతాను. రెండు ఊళ్ళ పెద్దలతో ముందే కూచో. పోయినేడు రాళ్ళు వేసింది ఎవరో రెండు ఊళ్ళకీ తెలుసు, వాళ్ళని మాత్రమే ఆపి, మిగతావాళ్ళకి ఆయా ఊరి పెద్దల్నే పూచీ ఉండమను. కాలవ వైపు గేటు వాళ్ళకి, రోడ్డు వైపు గేటు మనవాళ్ళకి. ఆడవాళ్ళు, పిల్లలు రెండు గుంపుల మధ్య గోల్ వెనకాల కూచుంటే రాయి ఎత్తేవాడు ఆలోచిస్తాడు. పందేలు కట్టించేవాళ్ళని ఆ చుట్టుపక్కల నిలబడనివ్వకు, పోయినేటి గొడవకి మూలం వాళ్ళే.

ఇంత చేసినా పోలీసులు ఒప్పుకోకపోతే లీగు ఆటలు మూసి ఆడించు, ఫైనల్ మాత్రం ఊరికి వందమంది చొప్పున చీటీలు పంచి పిలు. మూసే సంగతి వారం ముందే మైకులో చెప్పించు. రామాలయం దగ్గర, వాళ్ళ ఊళ్ళో ఒకచోట పెద్ద తెర కట్టించు, ఫోన్లో చూసుకుంటారులే అనుకోకు. పారిస్‌లో 2020 మార్చి 11న తలుపులు మూసి ఆడిస్తే టీవీలో వస్తున్నా వేలమంది స్టేడియం బయట చేరారు. మనవాళ్ళూ చేరతారు. అందుకని నర్సమ్మ, ఆటో గేటు బయటే ఉండాలి, తాళంచెవి ఆ గేటు దగ్గరి మనిషి జేబులోనే ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇద్దర్ని నిలబెట్టు. గట్టు మీది కొబ్బరిచెట్ల దగ్గర నేను కుర్చీ వేసుకు కూచుంటాను, భోగికి ముందు రోజే దిగుతాను.

ఆదివారం కమిటీ మీటింగు అన్నారు. దానికి ముందే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న