పుల్ రిక్వెస్ట్ పెట్టి రెండు నెలలు, ఉలుకూ పలుకూ లేదు

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం విద్యార్థిని. కొత్తవాళ్లకు స్వాగతం అని రాసి ఉంటే, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో, ఎవరైనా చేయి వేయగల ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పుల్ రిక్వెస్ట్ (నా కోడ్ మార్పును కలుపుకోమనే అభ్యర్థన) పెట్టాను. రెండు నెలలైనా ఒక్క కామెంటు కూడా రాలేదు. ఇంటర్వ్యూలు దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. మెర్జ్ కాని, అంటే ప్రాజెక్టులో ఇంకా కలవని పనిని రెజ్యుమెలో రాయొచ్చా? ఇది వదిలేసి ఇంకో ప్రాజెక్టు చూసుకోనా?

జవాబు: ముందుగా, మీ కోడ్ బాగాలేదని ఎవరో తేల్చేశారని అనుకోకండి. చాలావరకు దాన్ని ఇంకా ఎవరూ తెరిచి ఉండరు. కోడ్ పంపేవాళ్లు ఎందరో, చూసేవాళ్లు కొందరే. ఆ కొందరిలోనూ చాలామంది సొంత ఉద్యోగం అయ్యాక, జీతం లేకుండా ఈ పని చేస్తారు. పైగా ఒకసారి మెర్జ్ చేశాక దానిలో బగ్ వస్తే మీరుండకపోవచ్చు, వాళ్లు మాత్రం ఉండాలి.

తొందరపెడితే ఏమవుతుందో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉదంతం చెబుతుంది. ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) ఆలస్యమవుతున్నాయని 2022లో కొన్ని ఖాతాలు దాని మెయింటెయినర్‌ను, అంటే ప్రాజెక్టు బాగోగులు చూసే వ్యక్తిని సతాయించాయి. తర్వాత సహ మెయింటెయినర్‌గా చేరిన వ్యక్తి కోడ్‌లో రహస్యంగా పెట్టిన దొంగదారి (బ్యాక్‌డోర్) 2024 మార్చిలో బయటపడింది. ఆ సతాయింపు కూడా పథకంలో భాగమేనని చాలామంది అనుమానం. అందుకే కొత్త పేరు కనబడితే మెయింటెయినర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, అది తప్పూ కాదు.

ఇప్పుడు మీ పేజీ తెరిచి చూడండి. టెస్టులు అసలు నడిచాయా? మొదటిసారి కోడ్ పంపేవాళ్ల విషయంలో, మెయింటెయినర్ అనుమతిస్తే తప్ప గిట్‌హబ్‌లో ఆటోమేటిక్ టెస్టులు మొదలుకాకపోవచ్చు. టెస్టులు పాసైనట్టు చూపే పచ్చ టిక్ లేని పుల్ రిక్వెస్ట్‌ను చూసీ చూడనట్టు దాటేస్తారు. రెండు నెలల్లో మెయిన్ బ్రాంచ్ (ప్రాజెక్టు అసలు కోడ్) కూడా ముందుకెళ్లి ఉంటుంది, దానికీ మీ మార్పుకీ కాన్‌ఫ్లిక్టులుంటే రీబేస్ చేయండి, అంటే మీ మార్పును తాజా కోడ్ మీదికి తెచ్చుకోండి. తర్వాత సైజు. సాధారణంగా ఒక మార్పు 100 లైన్లుంటే సబబు, 1000 అయితే మరీ ఎక్కువ అని గూగుల్ తన ఇంజనీర్ల కోసం రాసుకున్న రివ్యూ గైడే అంటుంది. బగ్ సరిచేస్తూ పనిలో పనిగా ఫైలంతా ఫార్మాట్ చేశారా? అయితే ఆ రెండూ విడగొట్టండి. అసలు మార్పు పన్నెండు లైన్లే అని తెలిస్తే టీ తాగుతూ కూడా చూసేస్తారు.

ఇక గుర్తుచేయడం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ ప్రాజెక్టు నియమాల ప్రకారం మామూలుగా రెండు మూడు వారాల్లో స్పందన రావాలి, కనీసం వారం ఆగాకే మళ్లీ అడగాలి. మీరు రెండు నెలలు ఆగారు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. "ఏమైంది?" అని ఊరికే అడగకండి. "తాజా మెయిన్ మీద రీబేస్ చేశాను, నా దగ్గర టెస్టులన్నీ పాసయ్యాయి, ఫార్మాటింగ్ మార్పులు తీసేశాను, వీలున్నప్పుడు చూడగలరా" అన్న అర్థం వచ్చేలా రెండు వాక్యాలు చాలు. మీ ఇంటర్వ్యూల సంగతి మాత్రం ఎత్తొద్దు, వాళ్లకు దాంతో పని లేదు.

వదిలేయమని అనను. అది అలా ఉండనిచ్చి, పక్కన ఇంకోటి మొదలుపెట్టండి. ఈసారి ప్రాజెక్టును ఎంచుకునే ముందు మూసేసిన పుల్ రిక్వెస్ట్‌ల జాబితా చూడండి. బయటివాళ్లు పంపినవి ఇటీవల మెర్జ్ అయ్యాయా, మొదటి కామెంటుకు ఎన్నాళ్లు పట్టింది అన్నది అక్కడే తెలుస్తుంది. స్వాగతం బోర్డు కన్నా అదే నమ్మదగ్గ లెక్క. ఈలోగా పాత ప్రాజెక్టులోనే వేరేవాళ్లు పంపిన మార్పును (వాళ్ల బ్రాంచ్‌ను) మీ మెషీన్‌లో నడిపి, ఏం పనిచేసింది, ఎక్కడ ఆగింది అని కామెంటు పెట్టండి. కొత్తవాళ్లు పెద్దగా చేయని పని ఇది, నా మాట వినండి. మెయింటెయినర్ నెత్తిన బరువు కొంత దిగుతుంది, మీ పేరూ గుర్తుంటుంది.

రెజ్యుమెలో నిక్షేపంగా రాయండి, కానీ "రివ్యూలో ఉంది" అని స్పష్టంగా పెట్టి లింకు ఇవ్వండి. మెర్జ్ అయిందని రాస్తే ఇంటర్వ్యూ చేసేవారు ఒక్క క్లిక్‌తో పట్టేస్తారు. వాళ్లు లింకు తెరిస్తే మొదట చదివేది మీ కోడ్ కాదు, పైనున్న వివరణ. సమస్య ఏమిటి, ఈ దారే ఎందుకు ఎంచుకున్నారు, ఎలా పరీక్షించారు అన్నవి అక్కడ ఉన్నాయా? "ఫిక్స్ బగ్" అని రెండు మాటలే ఉంటే, ఈ రాత్రికే తిరగరాయండి.