తమ్ముడి జబ్బు పేరు ఎందుకు మారింది?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఎవరితోనూ మాట్లాడకుండా, సరిగా తినకుండా గదిలోనే ఉండిపోయేవాడు. డాక్టరు డిప్రెషన్ అన్నారు. మందులతో కోలుకున్నాడు. ఈమధ్య ఉన్నట్టుండి నిద్ర మానేశాడు. రాత్రంతా మాటలు, పెద్ద పెద్ద ప్లాన్లు, అప్పులు. వేరే డాక్టరుకు చూపిస్తే చీటీ మీద ‘సైకోసిస్?’ అని రాశారు. నెల తిరిగేసరికి ఆయనే బైపోలార్ అంటున్నారు. ఏది నిజం? వాళ్లకే తెలియనప్పుడు మందులెందుకు, ఆపేయమని నాన్న అంటున్నారు. – ఓ అక్క

జవాబు: ముందుగా ఒక్క మాటమ్మా. డాక్టరును అడగకుండా మందులు ఆపకండి. కాస్త కుదురుకుంటున్న మనిషికి మందు ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు మళ్లీ తిరగబెట్టవచ్చు. నాన్నగారితో వాదన పెట్టుకోవద్దు. ‘డాక్టరును కలిసేదాకా ఆగుదాం నాన్నా’ అనండి చాలు.

మూడు పేర్లు విన్నాక ఎవరికైనా నమ్మకం సడలుతుంది. మీ బాధ నాకు అర్థమవుతోంది. అయితే రెండేళ్ల క్రితం ఆ మొదటి డాక్టరు ఎదుట ఏముందో గుర్తు చేసుకోండి. దిగులు ఒక్కటే. కనీసం రెండు వారాలు, దాదాపు రోజంతా దిగులుగానైనా ఉండాలి, దేని మీదా ఆసక్తి లేకుండానైనా ఉండాలి. వీటితో పాటు నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత వంటి తొమ్మిది లక్షణాల్లో మొత్తం ఐదు కనిపిస్తే డిప్రెషన్ అంటారు. మీరు రాసినదాన్ని బట్టి ఆయన ఆ రోజు అన్నది తప్పనిపించడం లేదు. బైపోలార్ అంటే దిగులూ, హద్దు దాటిన ఉత్సాహమూ మారిమారి వచ్చే జబ్బు. ఆ పేరు పెట్టాలంటే ఉత్సాహం హద్దు దాటిన దశ ఒక్కసారైనా కనబడాలి. అది అప్పటికి రానే లేదు. చాలామందిలో బైపోలార్ దిగులుతోనే మొదలవుతుంది. రెండో ముఖం బయటపడటానికి ఏళ్లు పట్టవచ్చు.

ఇక సైకోసిస్ సంగతి. అది జ్వరం లాంటి మాట. జ్వరం ఉందంటే ఏ కారణంతో వచ్చిందో ఇంకా తేలలేదని కదా! లేని మాటలు వినబడటం, జరగనిది జరుగుతోందని గట్టిగా నమ్మడం, వీటినే సైకోసిస్ అంటారు. ఇవి తీవ్రమైన మానియాలోనూ (హద్దు దాటిన ఉత్సాహంలోనూ) ఉంటాయి, స్కిజోఫ్రేనియా అనే మరో మానసిక జబ్బులోనూ ఉంటాయి, మత్తు పదార్థాల వల్లా రావచ్చు. మీ రెండో డాక్టరు ఆ మాట పక్కన ప్రశ్న గుర్తు పెట్టడం నాకు నచ్చింది. తెలిసినంతే రాసి, మిగతాది చూద్దామనుకున్నారు.

మానసిక వైద్యంలో కాలం కూడా ఒక పరీక్షే. ఎమిల్ క్రెపెలిన్ అనే జర్మన్ వైద్యుడు రోగులను ఏళ్ల తరబడి గమనించి, వచ్చిపోతూ ఉండే మూడ్ జబ్బులను, ఇప్పుడు స్కిజోఫ్రేనియా అంటున్న దాన్ని 1899లో వేరు చేసి చూపాడు. అప్పట్లో రెండింటిలోనూ కొన్ని లక్షణాలు ఒకేలా కనిపించేవి. జబ్బు నడిచిన తీరే తేడా పట్టిచ్చింది. ఆ గీత ఆయన అనుకున్నంత స్పష్టంగా లేదని తర్వాత తేలింది. ఇప్పటికీ స్కిజోఫ్రేనియా అనడానికి అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల జాబితా డీఎస్‌ఎమ్ 6 నెలల ఆనవాళ్లు అడుగుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీకి 1 నెల చాలు. గీతలు గీసేది మనుషులే. పొరపాట్లూ చేశారు. స్వలింగ సంపర్కాన్ని అమెరికా సైకియాట్రిస్టులు జబ్బుల జాబితా నుంచి తీసేసింది 1973లో, అంత ఆలస్యంగా. కాబట్టి మీరు ప్రశ్నలు అడగడంలో తప్పేమీ లేదు, తప్పకుండా అడగండి.

మొదటి ప్రశ్న ఇది: థైరాయిడ్ పరీక్ష చేయించారా? థైరాయిడ్ తగ్గితే దిగులులా, పెరిగితే కంగారు, నిద్రలేమిలా కనిపించవచ్చు. బైపోలార్‌ను నేరుగా తేల్చే రక్తపరీక్షగానీ స్కానింగ్‌గానీ లేదు. ఇలాంటి ఇతర కారణాలను పక్కకు తీయడానికే ఆ పరీక్షలు. స్టెరాయిడ్ మందులు వాడి ఉంటే అదీ చెప్పండి. రెండోది మరీ ముఖ్యం. అప్పటి డిప్రెషన్ మాత్ర ఇంకా వాడుతున్నాడా? బైపోలార్ ఉన్న కొందరిలో ఆ మాత్ర ఒక్కటే వాడితే మనసు ఇలా పైకి ఎగదన్నవచ్చు. పేరు మారితే మందు మారేది అందుకే. మూడ్‌ను నిలకడగా ఉంచే లిథియం లాంటి మందు మొదలుపెడితే మధ్యమధ్యలో రక్తంలో దాని మోతాదు చూస్తూ ఉండాలి.

డాక్టరుకు దొరకనిది మీ దగ్గర ఉంది. మనిషి దిగులుగా ఉన్నప్పుడు సాయం అడుగుతాడు, ఉత్సాహం పొంగినప్పుడు ‘నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను’ అంటాడు. ఆ రోజులు చూసింది ఇంట్లోవాళ్లే. ఏ నెలలో నిద్ర తగ్గింది, నిద్ర లేకపోయినా అలసట లేకుండా తిరిగాడా, అప్పులు ఎప్పుడు మొదలయ్యాయి, ఏ మాత్ర ఎప్పుడు మార్చారు, ఇంటి పెద్దల్లో ఎవరికైనా ఇలా జరిగిందా... ఒక కాగితం మీద తేదీల వారీగా రాయండి. తమ్ముడికి చూపించి, అతను చెప్పేదీ చేర్చండి. అతనికి తెలియకుండా మాత్రం వద్దు. ఆన్‌లైన్ టెస్టుల స్కోర్లతో తేల్చుకోకండి, అవి డాక్టరును కలవాలా వద్దా అనేంతవరకే పనికొస్తాయి.

చనిపోతానన్నా, వరుసగా రెండు రాత్రులు నిద్ర లేకుండా రేగిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చేసారి నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి. పేరు ఎందుకు మార్చారని డాక్టరును ఆయన్నే నేరుగా అడగనివ్వండి.