దొర పెట్టె ఏ పితూరీ నాటిది?

ప్రశ్న: మా ముత్తాతగారు వేలంలో పాడుకున్న తుపాకి పెట్టె ఒకటి మా ఇంట్లో ఉంది. తుపాకి లేదు. మూడడుగులకు కాస్త తక్కువ పొడవు, మూలలకు ఇత్తడి రేకులు, లోపల పచ్చ బనాతు (ఉన్ని గుడ్డ). మూత మీద గుండ్రటి ఇత్తడి బిళ్ల, దాని మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద అరిగిపోయిన అంకె, పక్కన ఎం.ఎన్.ఐ. అని ఉంది. మూత లోపలి చిరిగిన చీటీలో ‘314½ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్’ అన్నది చదవగలిగాం. లోపలి గదుల్లో రాగి బుర్ర ఒకటి, రేకు డబ్బీలో చిన్న చిన్న రాగి టోపీలు ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు దళం కాల్చి చంపిన దొర పెట్టె అని ఇంట్లో చెప్పుకుంటారు. నిజమేనా? పాలిష్ పెట్టించి అమెరికాలో ఉన్న మా అబ్బాయికి పంపాలనుంది.
– ఒక పాఠకురాలు, నర్సీపట్నం

జవాబు: అమ్మా, దొర సంగతి తర్వాత. ముందు ఆ రేకు డబ్బీ జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి. అలాంటి టోపీల్లో పాదరసంతో చేసిన పేలుడు మందు ఉంటుంది. గీకినా, నలిపినా పేలుతుంది. రాగి బుర్రలో తుపాకి మందు మిగిలి ఉండొచ్చు, మూత తిప్పి చూడొద్దు. పోలీస్ స్టేషన్‌లో చెబితే వాళ్లే వచ్చి చూస్తారు. ఖాళీ పెట్టెకు మాత్రం లైసెన్సు అక్కర్లేదు.

ఆ టోపీలే మీ ఇంటి కథను కాదంటున్నాయి. మూతిలోంచి మందు దట్టించే తుపాకికి కావలసిన సరంజామా అది. సీతారామరాజు దళం చేతిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే దొరలు దామనపల్లి దగ్గర చనిపోయింది 1922 సెప్టెంబరు 24న. అప్పటికి దొరల చేతుల్లో తూటా పెట్టి కాల్చే తుపాకులే. మీరు చెప్పిన చిరునామా లండన్‌లో జేమ్స్ పర్డీ తుపాకుల దుకాణానిది. వాళ్లు అక్కడున్నది 1826 నుంచి 1882 దాకా. ఎం.ఎన్.ఐ. అంటే మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ. 1885లో ఆ పటాలాల పేర్లలోంచి ‘నేటివ్’ తీసేశారు. బిళ్ల చెక్కించింది అంతకు ముందే అన్నమాట.

అలాగని మీ పెద్దవాళ్లు కల్పించారనీ అనను. రంప పితూరీలు, అంటే తిరుగుబాట్లు, బాగా పేరుపడ్డవి రెండు; సీతారామరాజుది రెండోది. మొదటిది 1879 మార్చిలో, కల్లు పన్ను మీద, రంప జమీందారైన మన్సబుదారు మీద మండిపడి ముఠాదారులు, అంటే కొండ ఊళ్ల పెద్దలు, లేచినప్పటిది. దాన్ని అణచడానికి వచ్చినవాటిలో ఎక్కువ మద్రాసు పటాలాలే. ‘పితూరీకొచ్చిన దొర’ అన్న మాట రెండు తరాలు నోట్లో నానితే రాజుగారి కథలో కలిసిపోవడం ఎంతసేపు? అయితే ఇది నా ఊహే. పెట్టె అంతవరకూ సాక్ష్యం చెప్పదు.

దొర పేరు దొరకాలంటే దారి ఆ అరిగిన అంకె. దయచేసి చింతపండు పెట్టి తోమకండి! రాత్రిపూట దీపాలార్పి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తీయండి, గీతలు లేస్తాయి. పటాలం నంబరు తెలిస్తే మద్రాసు ఆర్మీ లిస్టుల్లో, అంటే సైన్యాధికారుల పేర్ల జాబితాల్లో, ఆ మూడు పొడి అక్షరాలున్న అధికారిని వెతకొచ్చు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఆ పుస్తకాలున్నాయి. పర్డీవాళ్ల ఆర్డరు పుస్తకాల్లోనూ పేరుంటుంది కానీ, దానికి తుపాకి మీది నంబరు కావాలి. ఎవరైనా పెన్సిలుతో పెట్టెలో ఎక్కడైనా రాసి ఉంచారేమో చూడండి. దానికోసం బనాతు మాత్రం ఊడదీయొద్దు.

పాలిష్ వద్దు. పాతికేళ్ల వయసులో, మా నాన్నగారి పాత సామాన్ల కొట్లో, ఇలాంటి పెట్టెనే గరుకు కాగితం పట్టి అద్దంలా చేశాను. మూత లోపలి చీటీ మురికిగా ఉందని తడిగుడ్డతో తుడిచేశాను కూడా. కొనడానికొచ్చినాయన మూత ఎత్తి చూసి, ఏమీ అనకుండా దించి వెళ్లిపోయాడు. నాన్నగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. పొడి మెత్తగుడ్డతో దుమ్ము దులిపితే చాలు. లేచిన బనాతు దగ్గరికి ఫెవికాల్ రానివ్వకండి.

అమెరికా మాట మరిచిపోండి. నూరేళ్లు దాటిన ఇలాంటి పాతవస్తువును సొంతంగా దేశం దాటించడానికి 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. అబ్బాయికి ఫొటోలు పంపండి.

అంకె కనబడితే నాకూ రాయండి. మద్రాసు కాల్బలాలు ఒకప్పుడు 52 దాకా ఉండేవి. 41 దాటిన నంబర్లవి 1860ల మొదట్లోనే రద్దయ్యాయి. మీ బిళ్ల మీద 41 దాటిన అంకె తేలిందంటే, నా రంప ఊహా పోయినట్టే.