సెయిల్‌బోట్ మీద కాపురం, చేపల వేట, ఇంటికొచ్చే చుట్టాలు: బహామాస్ అనుభవం

మీరు అడిగింది ఇదీ: "ఇద్దరం ఫ్లోరిడాలో ఉంటాం. చలికాలమంతా సెయిల్‌బోట్ మీదే ఉంటూ బహామాస్ తిరగాలని, మా చేపలు మేమే పట్టుకోవాలని, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్ని కూడా కొన్నాళ్ళు ఉంచుకోవాలని ఆశ. కుదురుతుందా?"

కుదురుతుంది. నేనూ మా ఆయనా చలికాలాలు బహామాస్‌లోని ఎక్సూమా దీవుల దగ్గర బోటు మీదే గడుపుతాం. మా అత్తగారూ మామగారూ కూడా వచ్చి ఉండి వెళ్ళారు. అయితే అక్కడ మన క్యాలెండర్ చెల్లదు, గాలి చెప్పిందే చెల్లుతుంది. ఇద్దరమే ఉన్నప్పుడు దీనికి తొందరగానే అలవాటుపడతాం. చుట్టాలు టికెట్లు కొనుక్కున్నాకే అసలు టెన్షన్ మొదలవుతుంది.

మయామీ వైపు నుంచి బహామాస్‌లోని బిమినీ దీవికి సుమారు 50 నాటికల్ మైళ్ళు. మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరానికి పరుగెడుతుంటుంది. గాలి ఉత్తరం నుంచి వీచిందంటే ఆ ప్రవాహానికి ఎదురై అలలు నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తాయి. అందుకే దక్షిణం వైపు నుంచి తేలిక గాలి ఉన్న రోజు కోసం ఎన్నాళ్ళైనా ఆగుతారు. "సోమవారం ఆఫీసు మీటింగ్ ఉంది" అని బయల్దేరకండి.

ఎక్సూమా చేరాక కూడా ఇదే లెక్క. ఆ దీవులు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వరసగా సాగి ఉంటాయి. తూర్పున ఎక్సూమా సౌండ్ అనే సముద్ర భాగం, వేల అడుగుల లోతు. పడమర ఇసుక నేల మీద లోతులేని నీళ్ళు. ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచే వీస్తుంది కాబట్టి, దీవికి పడమర పక్కన లంగరేసుకుంటే దీవే అడ్డు. కానీ చలికాలంలో అమెరికా నుంచి కోల్డ్ ఫ్రంట్ (ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు) దిగినప్పుడు గాలి దక్షిణానికి, నైరుతికి, పడమరకి, వాయవ్యానికి తిరుగుతూ వెళ్ళి, చివరికి ఈశాన్యంలో కుదురుకుని రోజుల తరబడి గట్టిగా వీస్తుంది. నిన్నటిదాకా ప్రశాంతంగా ఉన్న చోటే అలలకు ఎదురుగా నిలబడుతుంది. పడమర గాలికి ఆసరా ఉన్న చోట్లు కొద్దే, అందరూ వాటికే చేరతారు. ఫ్రంట్ వస్తోందని తెలిసిన వెంటనే కదిలితేనే మంచి జాగా దొరుకుతుంది.

లంగరు గొలుసు లెక్క చాలామంది నీటి లోతు ఒక్కటే చూసి వేస్తారు. పది అడుగుల నీళ్ళు, మూడు అడుగుల పోటు, నీటి మట్టం నుంచి బోటు ముక్కు దాకా నాలుగు అడుగులు, మొత్తం పదిహేడు. గాలి వచ్చేలా ఉంటే దానికి ఏడు రెట్లు, అంటే దాదాపు 120 అడుగుల గొలుసు వదలాలి. లంగరేసిన ప్రతిసారీ నేను మాస్క్ పెట్టుకుని దిగి చూస్తాను. కొన ఇసుకలో పూర్తిగా మునిగి, వెనక గొలుసు తిన్నగా పడుకుని కనిపిస్తేనే రాత్రి నిద్ర పడుతుంది. గడ్డి మీద పడి ఉంటే ఎత్తి మళ్ళీ వేయాల్సిందే.

ఇక చుట్టాల విషయం. బోటు మీద బతికేవాళ్ళ మధ్య ఒక మాట ఉంది: వచ్చేవాళ్ళకి తేదీ అయినా చెప్పు, చోటైనా చెప్పు, రెండూ చెప్పకు. మా అత్తగారి విషయంలో తేదీలు ఖాయం చేసి, "జార్జ్‌టౌన్‌లో దిగండి, మేం ఇంకా చేరకపోతే ఒకటి రెండు రోజులు హోటల్లో ఉండండి" అని ముందే చెప్పాం. జార్జ్‌టౌన్ ఎక్సూమాలోని పట్టణం. అక్కడికి విమానాలున్నాయి, దాని ఎలిజబెత్ హార్బర్‌లో చలికాలం వందల బోట్లుంటాయి, కూరగాయలు దొరుకుతాయి, డాక్టరు అందుబాటులో ఉంటారు. పెద్దవాళ్ళకి అదే సరైన చోటు. ఈత కొట్టే పందుల్ని చూపించాలంటే స్టానియల్ కే అనే దీవి దాకా వెళ్ళాలి, గాలి బాగుంటేనే అది. అమ్మానాన్నలు అమెరికా విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే, తిరిగి రావడానికి ఆ వీసా పనికొస్తుందో లేదో, బహామాస్ షరతులేమిటో టికెట్ కొనకముందే చూసుకోండి.

పెద్దవాళ్ళకి అన్నిటికన్నా కష్టం డింగీలోంచి (ఒడ్డుకీ బోటుకీ మధ్య తిరిగే చిన్న పడవ) బోటెక్కడం. రెండూ వేర్వేరుగా ఊగుతాయి. మా అత్తగారికి చీర వద్దని, సల్వార్ వేసుకోమని ఫోన్లోనే చెప్పాను. డింగీ పైకి లేచిన క్షణంలో "ఇప్పుడు" అంటాను, ఆవిడ నా మణికట్టు, నేను ఆవిడ మణికట్టు పట్టుకుంటాం. వేళ్ళు పట్టుకుంటే జారిపోతాయి. మణికట్టుకి మణికట్టు పట్టే ఆ పద్ధతి మొదటి రోజే, అలలు లేనప్పుడు నేర్పించండి.

టాయిలెట్ గురించి మొహమాటపడకుండా చెప్పేయాలి. చేత్తో పంపు కొట్టాలి, సన్నటి గొట్టాలు, ఏది పడితే అది వేస్తే మూసుకుపోతాయి. మనవాళ్ళకి మగ్గు లేకపోతే జరగదు కాబట్టి, మంచినీళ్ళు తక్కువ పట్టే చిన్న చేతి స్ప్రే ఒకటి పెట్టించాం. స్నానం సముద్రంలోనే, చివర్లో మాత్రం ఆ స్ప్రేతో ఉప్పు కడుక్కోవడం. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే వాటర్‌మేకర్ ఉన్నా అది బ్యాటరీని తినేస్తుంది. కడుపులో తిప్పకుండా ఉండటానికి మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే ఫలితం తక్కువ. తల తిరుగుతోందంటే లోపల పడుకోబెట్టకండి, బయట కూర్చోబెట్టి సముద్రం, ఆకాశం కలిసే దూరపు గీతని చూడమనండి.

చేపలంటే నాకు ప్రాణం. సౌండ్ వైపు, లోతు ఒక్కసారిగా పడిపోయే అంచు వెంట బోటు ఐదారు నాట్ల (గంటకు సుమారు పది కిలోమీటర్ల) వేగంతో పోతుంటే, వెనకాల గాలం వదిలి కూర్చుంటాం. మాహీమాహీ పడుతుంది, అదృష్టముంటే వాహూ. వాహూ మన వంజరం కుటుంబంలోదే, పులుసుకి దానికి సాటి లేదు. మాహీమాహీ నీళ్ళలోంచి లేచినప్పుడు పసుపు, ఆకుపచ్చ, నీలం మెరుస్తూ ఉంటుంది. మొప్పల్లో కాస్త రమ్ము పోస్తే కొట్టుకోకుండా శాంతిస్తుంది, ఆ తర్వాత చూస్తూ ఉండగానే ఆ రంగులన్నీ బూడిదైపోతాయి. ఒకటి పడగానే గాలం చుట్టేస్తాం. మా ఫ్రీజర్ చిన్నది, మిగిలింది పక్క బోట్లకి పంచుతాం.

రూల్స్ గట్టిగా పాటించండి. లాబ్‌స్టర్ సీజన్ ఆగస్టు 1 నుంచి మార్చి 31 దాకానే, గుడ్లున్నది దొరికితే వదిలేయాలి. నసావు గ్రూపర్ అనే చేపని డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ముట్టుకోకూడదు. ఈటెతో వేటాడాలంటే హవాయియన్ స్లింగ్ (రబ్బరు లాగి చేత్తో వదిలే ఈటె) లాంటివే వాడాలి, స్పియర్‌గన్ నిషేధం, గాలి సిలిండర్లతో (స్కూబా) దిగి వేటాడటమూ నిషేధమే. 1958లో ఏర్పడిన ఎక్సూమా కేస్ ల్యాండ్ అండ్ సీ పార్క్‌లో 1986 నుంచి ఏమీ పట్టకూడదు, గవ్వ కూడా ఏరకూడదు. అక్కడ బోటు కింద నిలబడే గ్రూపర్ల సైజు చూస్తే ఆ నిషేధం ఎంత అవసరమో అర్థమవుతుంది.

బర్రాకుడా పడితే వదిలేయండి. పగడపు దిబ్బల (రీఫ్) దగ్గర తిరిగే పెద్ద చేపల్లో సిగ్వటెరా అనే విషం ఉండొచ్చు. దానికి వాసన, రుచి ఉండవు, ఎంత ఉడికించినా పోదు. పులుసు పెడితే పోతుందని మా మామగారు వాదించారు కానీ మేం ఒప్పుకోలేదు.

వెంటనే బోటు కొనేయకండి. ఏఎస్ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) 101, 103, 104 కోర్సులు చేసి, బహామాస్‌లోనే ఉన్న అబాకోస్ దీవుల్లోని మార్ష్ హార్బర్‌లో వారం పాటు బోటు అద్దెకు తీసుకుని ఇద్దరే ఉండి చూడండి. అమ్మానాన్నల్ని ఫ్రంట్లు తగ్గే ఏప్రిల్‌లో పిలవండి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ సీజన్, ఆ నెలల్లో బోటు ఎక్కడుంచాలో చాలా ఇన్సూరెన్స్ పాలసీల్లోనే రాసి ఉంటుంది. బోటు కొనేముందే ఆ పేజీ చదవండి.