హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లని ఇంటి నుంచే గమనించే పద్ధతి నిజంగా పనికొస్తుందా?

మీ నాన్నగారిని హార్ట్ ఫెయిల్యూర్‌తో (అంటే గుండె రక్తాన్ని సరిగ్గా పంప్ చేయలేకపోవడం) చేర్చిన ఆస్పత్రి వాళ్లు బరువు మిషను, బీపీ మిషను, ఫోన్‌లో ఓ యాప్ ఇస్తామన్నారనీ, దానివల్ల ఉపయోగం ఉంటుందా అనీ అడిగారు. మా అమ్మకి రెండేళ్లుగా ఇలాగే చూసుకుంటున్నాం. ఉపయోగం తప్పకుండా ఉంటుంది, కాకపోతే యాప్ నుంచి వెళ్లే బరువు, బీపీ అంకెలు అవతల చూసే మనిషి ఉండాలి.

ఇది మాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. మొదట్లో ఒకసారి శుక్రవారం నుంచి ఆదివారానికి అమ్మ బరువు 61.2 నుంచి 63.6 కిలోలైంది. యాప్‌లో ఎర్ర గుర్తు వచ్చింది కాబట్టి డాక్టరు చూసే ఉంటారులే అనుకున్నాం. శని, ఆదివారాల్లో అక్కడ ఎవరూ చూడరని మాకెవరూ చెప్పలేదు. ఆ రాత్రి పడుకున్న మనిషి ఊపిరాడక లేచి కూర్చుంది. అంబులెన్స్, ఐదు రోజులు ఆస్పత్రి.

మూడు రోజుల్లో 2 కిలోలకి మించి పెరిగిందంటే అది తిండి వల్ల కాదు, చాలావరకు ఒంట్లో చేరిన నీరే. చాలాసార్లు ఆయాసం కంటే ముందే బరువులో బయటపడుతుంది. అందుకే అంత పెరిగితే వెంటనే చెప్పమంటారు.

తర్వాత నేను దీని గురించి చాలా చదివాను. 2010లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 1,653 మంది ఉన్నారు. మానిటరింగ్‌లో ఉన్నవాళ్లు రోజూ ఫోన్ చేసి ఆటోమేటిక్ సిస్టంకి బరువూ లక్షణాలూ చెప్పేవాళ్లు. మళ్లీ ఆస్పత్రిలో చేరడం తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. 2018లో వచ్చిన జర్మనీ పరిశోధనలో 24 గంటలూ డాక్టర్లు, నర్సులు ఉండే కేంద్రానికి వివరాలు వెళ్లేవి. అక్కడ ఏడాదికి నూటికి సుమారు 11గా ఉన్న మరణాలు 8కి తగ్గాయి. ఆ తేడా చదువుతుంటే నాకు మా ఆదివారం రాత్రే గుర్తొచ్చింది.

ఇప్పుడు మేమున్న చోట బరువు పెరిగిన రోజే నర్సు ఫోన్ చేస్తారు. రాత్రి ఆయాసం రాకుండా ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు, కాళ్లలో నీరు చేరి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడుతోందా అని అడుగుతారు. మొన్నొకసారి ఇలాగే పట్టుకున్నారు. డాక్టరు నీరు పోయే మాత్ర మూడు రోజులు పెంచి, పొటాషియం, కిడ్నీ పరీక్షలు చేయించారు. ఆస్పత్రిలో చేరాల్సిన పని లేకుండా పోయింది. ఆ మాత్ర మీ అంతట మీరు పెంచకండి, ముందే డాక్టరు రాసిచ్చి ఉంటే తప్ప.

కాబట్టి ఒప్పుకునే ముందు ఈ అంకెలు ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు, సెలవు రోజు ఎవరికి చెప్పాలి అని గట్టిగా అడగండి. బరువు మాత్రం రోజూ పొద్దున్నే, బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే మిషను మీద చూడండి. మిషను గట్టి నేల మీదే ఉండాలి. మేము కొన్నాళ్లు కార్పెట్ మీద పెట్టి తప్పు లెక్కలు పంపాం.

కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా యాప్ సంగతి వదిలేసి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.