కాలనీ పక్కన బిల్డర్ మీద ఎన్జీటీకి వెళ్తే ఫలితం ఉంటుందా? మా అనుభవం

మీరు అడిగింది ఇదీ: కాలనీని ఆనుకుని పెద్ద అపార్ట్‌మెంట్ కడుతున్నారు, సెల్లార్ కోసం రాత్రిళ్లు బండ పేలుస్తున్నారు, తవ్విన మట్టిని దసరా నుంచి పక్క కుంటలో పోస్తున్నారు, ఎన్జీటీలో, అంటే పర్యావరణ గొడవలు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో, కేసు వేస్తే పని ఆగుతుందా అని. అచ్చం మా కథే. మాది హైదరాబాద్ పడమటి వైపు ఓ పాత కాలనీ. బిల్డర్ పేరు మాత్రం రాయను.

ముందే చెప్తున్నా, మా దగ్గర కట్టడం ఆగలేదు. ఇప్పుడు మా మేడ మీద ఎండ పడాలంటే తొమ్మిది దాటాలి. కానీ రాత్రి బ్లాస్టింగ్ ఆగింది, కుంటలో పోసిన మట్టిలో సగానికి పైగా వాళ్లతోనే ఎత్తించాం. మొత్తం ఎత్తించేవాళ్లమేమో, మొదటి ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరగడంలో పోగొట్టుకోకపోతే. ఒక ఆఫీసువాళ్లు మా పరిధి కాదు, అక్కడికెళ్లండి అనేవాళ్లు. అక్కడివాళ్లు మళ్లీ మొదటి ఆఫీసుకే పంపేవాళ్లు. అర్జీ పెట్టాం కదా, ఇక వాళ్లే చూసుకుంటారని మేమూ నిమ్మళంగా కూర్చున్నాం.

మా లాయరమ్మ ఫైలు చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, మట్టి పోయడం మొదలై ఎన్నాళ్లయింది అని. ఎన్జీటీ చట్టం, 2010లో 14వ సెక్షన్ ప్రకారం గొడవ మొదట తలెత్తిన నాటి నుంచి 6 నెలల్లో అర్జీ వేయాలి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, అంతకు మించి లేదు. మనం ఆఫీసుల్లో అర్జీలు ఇచ్చుకుంటూ పోతే ఆ గడువు ఆగదు. మా పని దాదాపు అయిపోయిందనుకున్నాం. ఆవిడ 15వ సెక్షన్ పట్టుకుంది. పాడుచేసిన చోటును తిరిగి పూర్వస్థితికి తెప్పించమని అడగడానికి 5 ఏళ్ల గడువు ఉంటుంది. అందుకే మా అర్జీలో బరువంతా కుంట మీదే పెట్టింది, దుమ్మూ చప్పుడూ వెనక్కి వెళ్లాయి.

పరిహారం అడగకపోతే అర్జీ ఫీజు 1000 రూపాయలే. అడిగితే అందులో 1 శాతం కట్టాలి. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి. మా వాయిదాలు చాలావరకు వీడియోలోనే జరిగాయి. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ తెచ్చేద్దాం అని కొందరన్నారు గానీ, ఎన్జీటీ పరిధిలోకి వచ్చే వాటిని సివిల్ కోర్టు వినకూడదని 29వ సెక్షన్ ఉంది.

ఇక సాక్ష్యం. మాకు పనికొచ్చినవి రెండే. మా వీధి చివర ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. బ్లాస్టింగ్ మొదలయ్యాక ఆయన పూజగది గోడకు పగులొచ్చింది. ఆయన అరుపులేమీ అరవలేదు. ప్రతి పేలుడు తర్వాత పగులు ఎంతవరకు పాకిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ, టైమూ రాసేవారు. ఫొటో తీసి చూపిస్తే టేపు మీద అంకెల్లా ఉండేది. రెండోది, కట్టమైసమ్మ గుడి మెట్ల మీద నిలబడి ప్రతి ఆదివారం ఒకే చోటు నుంచి తీసిన కుంట ఫొటోలు. మొదటి ఫొటోలో అవతలి గట్టు మీద తాటిచెట్లు మొదళ్లతో సహా కనిపిస్తాయి, పదహారో ఫొటోలో తలలే. చోటు చూసి రమ్మని ఎన్జీటీ వేసిన అధికారుల జాయింట్ కమిటీ వచ్చే ముందురోజు బిల్డర్ ట్యాంకర్లతో నీళ్లు చల్లించి, చుట్టూ పచ్చ పరదాలు కట్టించాడు. పరదాలు కట్టొచ్చు, అంత మట్టిని రాత్రికి రాత్రి ఎక్కడ దాస్తాడు?

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు. ఫోన్ యాప్ రీడింగుల మీద ఆశ పెట్టుకోకండి, మావాటిని ఎవరూ పట్టించుకోలేదు. 100కి చేసిన కాల్స్ రికార్డు మాత్రం ఉపయోగపడింది.

నిర్మాణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి తీసుకుని ఉండాలి. ఆ లెటర్ కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ వెబ్‌సైట్లో వెతకండి. మాకు దొరికిన దాంట్లో, తవ్విన మట్టి వల్ల చుట్టుపక్కల జనానికి ఇబ్బంది రాకూడదు, అనుమతించిన చోటే పోయాలి అని షరతు ఉంది. బిల్డర్ సంతకం పెట్టి ఒప్పుకున్న మాటే అది. మా వాదనలో సగం అదే.

చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, అదే బఫర్, 75 మీటర్లు అని మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు. అది బెంగళూరు చెరువుల మీద ఎన్జీటీ 2016లో చెప్పింది, 2019లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన దగ్గర 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. నోయిడా ట్విన్ టవర్స్‌లా కూల్చేయిస్తాం అని ఊగిపోయేవాళ్లూ ఉంటారు. అది టవర్ల మధ్య దూరం, ఫ్లాట్ల వాళ్ల సమ్మతి లేకపోవడం మీద నడిచిన కేసు. 2012లో హైకోర్టుకెళ్తే 2022 ఆగస్టులో కూలింది.

అన్నిటికన్నా కష్టం కాలనీలోనే. గుడికి ప్రహరీ కట్టిస్తాను, బోరు వేయిస్తాను అన్నాడు బిల్డర్. ఇద్దరు అందులో ఫ్లాట్లు బుక్ చేసుకున్నారు, ఒకాయన అసోసియేషన్ ట్రెజరరే! తీర్మానం కోసం మూడు మీటింగులు పెట్టి, చివరికి నలుగురం సొంత పేర్లతోనే వేశాం. నష్టపోయిన ఎవరైనా వేయొచ్చు, అసోసియేషనే వేయాలని లేదు.

మీరు దసరా అన్నారు, ఉగాది వెళ్లిపోయింది. ఆరు నెలలు నిండాయో, అంచు మీద ఉన్నాయో మొదటి టిప్పర్ వచ్చిన తేదీ పట్టుకుని లెక్కేయండి. ఆఫీసులకు రాసే ఇంకో అర్జీ తర్వాత, ముందు లాయర్‌ని కలవండి.